ఫ్రేము దాటిన చెయ్యి

కోరుట్లలో పురుషోత్తం రావు చేతికి మైకు ఇవ్వకూడదని ఆయన్ని ఎరిగినవాళ్లందరికీ తెలుసు. తెలిసీ ఇస్తారు, ఎందుకంటే ఆయన నవ్విస్తాడు. పెళ్లిలో పెళ్లికొడుకు మీద, రిటైర్మెంటు సభలో రిటైరైనవాడి మీద, ఆఖరికి రైతుల మీటింగులో యూరియా బస్తా మీద కూడా జోకు వేసిన మనిషి. అరవై నాలుగేళ్లు నిండినా ఆ నోటి దురద తగ్గలేదు. ఈసారి మాత్రం అది సొంత ఇంటికే తగులుకుంది.

జరిగింది ఇదీ. జగిత్యాలలో వాకర్స్ సంఘం వాళ్లు షటిల్ పోటీలు పెట్టారు. యాభై అయిదు దాటిన ఆడవాళ్ల డబుల్స్‌లో ఆయన భార్య ఇందిర కప్పు గెలిచింది. సంఘం సెక్రెటరీ బాలకిషన్, రావుకు చిన్ననాటి దోస్తు, ఊరుకోకుండా "భర్తగ రెండు ముచ్చట్లు చెప్పు" అని మైకు అందించాడు.

"మా ఇందిర చేతుల గా బ్యాటు చూస్తే నాకు మా ఇంట్ల దోమల బ్యాటే యాదికొస్తది. నాలుగు దినాలు ఆమె ఇక్కడ ఆడింది, అక్కడ కోరుట్లల దోమలు బతికిపోయినయి" అన్నాడు రావు.

హాలు హాలంతా నవ్వింది. పక్కన కప్పు పట్టుకుని నిలబడ్డ ఇందిర కూడా నవ్వింది. కారెక్కి సీటు బెల్టు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టింది. కోరుట్ల వచ్చేదాకా చూసింది. ఆ తర్వాత పదిహేడు రోజులు ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇల్లు మాత్రం ఆగలేదు. అన్నం టైముకు అన్నం, మందుల టైముకు మందులు. కబుర్లన్నీ ఫోనులో వచ్చేవి. వంటింట్లోంచి హాల్లోకి మెసేజి వచ్చేది, "టేబుల్ మీద పెట్టిన" అని. ఈయన తినేసి "చారు మంచిగుంది" అని పంపిస్తే, ఆమె ఒక బొటనవేలి బొమ్మ పంపేది. పసుపుపచ్చటి ఆ బొటనవేలంటే రావుకు పదిహేడు రోజుల్లో విరక్తి పుట్టింది.

మాట్లాడకపోతే మాట్లాడకపోయింది, నాలుగు రోజులకు అదే దిగివస్తుందని మొదట ధీమాగానే ఉన్నాడు. ఆయన ధీమా సడలింది మరొకందుకు. ఇందిర రోజూ పొద్దున ఆరింటికి భుజాన వేసుకుని వెళ్లే రాకెట్ సంచీ బీరువా పైకెక్కింది. ఎక్కింది మళ్లీ దిగలేదు.

ఆ బీరువా వంక చూసినప్పుడల్లా రావుకు ఇంకో రాకెట్ గుర్తొచ్చేది. జగిత్యాల కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఆడే పిల్లగా ఇందిర మేడిపల్లికి కోడలై వచ్చినప్పుడు, పెట్టెలో చీరల అడుగున ఒక రాకెట్ పెట్టుకుని తెచ్చుకుంది. రావు తల్లి దాన్ని చూసి, "మన ఇండ్లల్ల ఆడోళ్లు గెంతులేస్తరా" అంది. అప్పుడు పక్కనే కొత్త పెళ్లికొడుకు పేపరు చదువుకుంటున్నాడు. వినపడనట్టు పేజీ తిప్పాడు. ఆ రాకెట్ అటకెక్కింది, చెదలు తిన్నాయి. ముప్పై నాలుగేళ్ల తర్వాత కోరుట్లలో కాపురం పెట్టాక, ఎవరినీ అడగకుండా ఇందిర రెండో రాకెట్ కొనుక్కుంది. ఇప్పుడది కూడా పైకెక్కి కూర్చుంటే ఎవరి వల్ల అని లెక్క వేయడానికి రావుకు పెద్ద తెలివి అక్కర్లేకపోయింది.

శుక్రవారం సాయంత్రం బాలకిషన్ ఫోన్ చేశాడు. "కరీంనగర్ పోటీలకు రేపు అయిదు గంటలకల్లా పేర్లు పంపాలె. వదినె రానంటున్నది. ఆమె రాకుంటే జోడీ పోయినట్టే. ఏం చేద్దాం చెప్పు. నీ పేరు రాయాల్నా? దోమల బ్యాటు పట్టుకోని వస్తవా?"

ఎదుటివాడు జోకు వేస్తే ఎలా ఉంటుందో రావుకు కొత్తగా తెలిసింది.

రాత్రి ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. జగిత్యాల షటిల్ కోర్టు హాల్లో గోడకు ఒక కుర్ర ఆటగాడి ఫోటో ఉంది. తెల్లటి ఫ్రేము, ఆ ఫ్రేములోంచి వాడి కాలు, రాకెట్టు పట్టిన చెయ్యి బయటికి వచ్చేసి ఉంటాయి. ఆ రోజు ఆటకు ముందు ఇందిర దాని ఎదుట రెండు నిమిషాలు నిలబడింది. "ఫోటోలకెళ్లి బయటికి దుంకినట్టే ఉన్నడు గదా, ఎంత మంచిగ చేసిన్రు" అంది. ఆమె తనతో చివరగా మాట్లాడిన పూర్తి వాక్యం అదే కాబట్టి రావుకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆ ఫోటో కింద మూలన సిరిసిల్ల స్టూడియో ఫోన్ నంబరుంది. తెల్లవారాక ఇందిర ఆడుతున్న ఫోటో ఒకటి బాలకిషన్ దగ్గర్నుంచి ఫోనులోకి తెప్పించుకుని, "మేడిపల్లికి పోయి వరి చూసొస్త" అని గాల్లోకి చెప్పి, సిరిసిల్ల దాకా కారు నడిపే ఓపిక లేక దాన్ని ఇంట్లోనే వదిలి బస్సెక్కాడు. గుమ్మం దాటకముందే ఫోనులో బొటనవేలు వచ్చింది.

స్టూడియో సిరిసిల్లలో మగ్గాల గల్లీలో ఉంది. రెండు పక్కలా పవర్‌లూమ్‌ల టకటక, మనిషి మాట మనిషికి వినపడాలంటే కొంచెం గొంతు పెంచాల్సిందే. స్టూడియో నడిపేది అలేఖ్య, పాతికేళ్ల పిల్ల. ఆమె తండ్రి సాంబయ్య ముప్పై అయిదేళ్లు మగ్గాలు నడిపి, తను పనిచేసిన షెడ్డు మూతబడ్డాక బిడ్డ దగ్గర ఫోటోలు కోసి, బోర్డులకు అతికించే పనిలో కుదురుకున్నాడు.

"రాండ్రి దొరా, కూసోండ్రి" అన్నాడు సాంబయ్య కుర్చీ జరుపుతూ.

"సార్ అను నాయినా" అంది అలేఖ్య కంప్యూటరు మీంచి తల తిప్పకుండా.

ఫోటో చూసి అలేఖ్య సంబరపడింది. ఒకే ఫోటోను రెండు పొరలుగా ఒకదాని మీద ఒకటి పెట్టింది. మధ్యలో తెల్లటి ఫ్రేము గీసి కొద్దిగా ఏటవాలుగా తిప్పింది. "ఇప్పుడు మేడం చుట్టు తిరగాలె సార్. గిదే అసలు పని" అని, ఇందిర భుజం దగ్గర ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి చుక్క వెనక చుక్క పెట్టుకుంటూ మోచేతి మీదుగా, గాజుల మీదుగా, వేళ్ల సందుల్లోంచి రాకెట్ దాకా వెళ్లింది. రాకెట్ తీగల మధ్య ఒక్కొక్క గడిలోంచి వెనకున్న గోడను తీసేయాల్సి వచ్చింది. ఎన్ని గడులో. సాంబయ్య కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చి, "పోగుకు పోగు మంచిగ వేసిన్రు గీ జాలి" అని మెచ్చుకున్నాడు.

ఇక రావు నోరు ఊరుకుంటుందా. మెడలో గొలుసు కనపడాలన్నాడు. నడుముకు చుట్టిన చున్నీ కూడా ఫ్రేము బయటికి ఎగరాలన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "జర సన్నగ చెయ్యొస్తదా బిడ్డా?" అన్నాడు.

"చెయ్యొస్తది సార్. కని అది చూసినంక మేడం మిమ్ములను ఏం చేస్తదో నాకు తెల్వది."

రావు కుర్చీలో వెనక్కి జరిగాడు.

అలేఖ్య ఫోటోను పెద్దది చేసి కాళ్ల దగ్గరికి వచ్చింది. "చూసిన్రా సార్, రెండు కాళ్లు గాల్లనే ఉన్నయి."

రావు ముందుకు వంగాడు. బూట్ల కింద పచ్చటి నేల జానెడు దూరంలో ఉంది. ఇందిర, మోకాళ్లకు రోజూ నూనె రాసుకునే ఇందిర, నేలను వదిలేసి ఉంది. పెదవి బిగబట్టి, కళ్లు పైకెత్తి, తన వయసు, తన ఇల్లు, తన మొగుడు అన్నీ మరిచిపోయి ఆ తెల్లటి షటిల్ కాక్ ఒక్కదాన్నే చూస్తోంది. ఆ మొహం రావు ఎన్నడూ చూడలేదు.

"గింత ఎగురుతదా?" అన్నాడు తనలో తను.

"మీరు అక్కడ లేరా సార్?"

"ఉన్న."

"మరి చూడలేదా?"

అలేఖ్య ఫోటోను పక్కకు జరిపింది. వెనక వరసలో నీలం కుర్చీలో ఒక పెద్దాయన గీతల చొక్కా వేసుకుని, తల దించుకుని, ఫోను చూసుకుంటున్నాడు. అదే గీతల చొక్కా ఇప్పుడు రావు ఒంటి మీద ఉంది. అలేఖ్య ఆ చొక్కానూ చూసింది, ఈ చొక్కానూ చూసింది, కానీ తెలివైన పిల్ల కాబట్టి మొహంలో ఏమీ పెట్టుకోలేదు.

"వెనుక గీయనను తీసెయ్యాల్నా సార్? ఒక్క నిమిషం పని."

తీసెయ్యి అనే మాట రావు నాలుక చివరిదాకా వచ్చింది. తీసేస్తే సాక్ష్యమే ఉండదు. కానీ ఎందుకో ఆ మాట బయటికి రాలేదు. "ఉండనియ్యి. కని జర మబ్బుగ చెయ్యి" అన్నాడు.

ఫ్రేము బయట మిగిలిన గోడ, కుర్చీలు, జనం మాయమయ్యారు. మణికట్టు దగ్గర్నుంచి చెయ్యి, రాకెట్, దాని కొసన షటిల్ కాక్, కింద కుడికాలి బూటు మాత్రం ఫ్రేము దాటి బయట నిలిచాయి. బూటు కింద అలేఖ్య కొంచెం నీడ వేసింది. అంతే, ఇందిర ఫోటోలోంచి నేరుగా సిరిసిల్లలోకి దూకుతున్నట్టుంది. రావు కాసేపు ఏమీ అనలేదు. ఆయన మౌనంగా ఉండడం అరుదు గనక ఈ సంగతి చెప్పాల్సి వస్తోంది.

ప్రింటు తీసి మందపాటి బోర్డుకు అతికించి బల్ల మీద పెట్టారు. "ఆరనియ్యాలె. అమ్మ అన్నానికి పిలుస్తున్నది, పది నిమిషాలల్ల వస్త" అని అలేఖ్య వెనకింట్లోకి వెళ్లింది.

రావు గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట కావొస్తోంది. అయిదింటికల్లా పేరు ఇవ్వాలి, అంతకుముందే ఇందిర ఇది చూడాలి, చూసి మెత్తబడాలి. "సాంబయ్యా, కొయ్యి మరి. నాకు బస్సు పోతది."

"బిడ్డను రానీ దొరా. గిసొంటివి అదే కోస్తది."

"ముప్పై అయిదేండ్లు మగ్గం నడిపినోనివి, గీ కాగితం కొయ్యరాదా? అంచు సాఫ్‌గ రావాలె. బయటికి పొడుచుకొచ్చినట్టు ఏం ఉండొద్దు. కొయ్యి."

ఆజ్ఞాపించడం వాళ్ల ఇంటి అలవాటు. సరిగ్గా అప్పుడే బాలకిషన్ ఫోన్ చేశాడు. రావు అటు తిరిగి, "వస్తున్న, పేరు ఇస్త, జర ఆగు" అంటూ మాటల్లో పడ్డాడు. వెనక సాంబయ్య ఇనుప స్కేలు పెట్టి కత్తి అందుకున్నాడు. మగ్గం మీద ఆయన చేతులకు తెలిసింది ఒకటే, అంచు అంటే అంచు. అంచు దాటి పోగు బయటికి వచ్చిందంటే బట్ట పాసు కాదు, కత్తిరించేయాలి. పైగా సాక్షాత్తూ దొరే చెప్పాడు, పొడుచుకొచ్చినట్టు ఏం ఉండొద్దని. తెల్లటి ఫ్రేము వెంబడి నాలుగు వైపులా వెంట్రుకవాసి తేడా లేకుండా కోసేశాడు.

"చూడుండ్రి దొరా, ఒక్క పోగు బయట లేదు."

రావు ఇటు తిరిగాడు. ఫ్రేములో ఇందిర ఉంది, మణికట్టు దాకా ఉంది. చెయ్యి, రాకెట్, షటిల్ కాక్ బల్ల కింద రద్దు ముక్కల్లో పడి ఉన్నాయి. బూటు ఇంకో ముక్కలో ఉంది. రావుకు పై ప్రాణాలు పైనే పోయాయి. అదే క్షణంలో గల్లీలోని మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయింది.

ఆ నిశ్శబ్దంలోకి అలేఖ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. బల్ల చూసింది, బల్ల కింద చూసింది. "ఎవరు కొయ్యమన్నరు?"

"నేనే బిడ్డా, తొందరపడ్డ" అన్నాడు సాంబయ్య. మొహం చిన్నబోయింది. కత్తి పక్కన పెట్టేసి, ఇక ఎప్పుడూ ముట్టుకోనన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

రావు మాట్లాడకుండా ఉంటే అక్కడితో సరిపోయేది. నేరం వేరేవాళ్లు తమ మీద వేసుకుంటున్నప్పుడు పేజీ తిప్పేయడం ఆయనకు చేతనైన పనే. కానీ బల్ల కింద పడి ఉన్న ఆ చెయ్యి గాజులతో సహా పైకి చూస్తోంది.

"ఆయన తప్పు లేదు బిడ్డా. కొయ్యమన్నది నేనే. ఆయన వద్దన్నడు" అన్నాడు.

అలేఖ్య ఆయన వంక కొత్తగా చూసింది. "ఇంకోటి తీద్దామంటే లైను రిపేరు సార్, నాలుగు దాక కరెంటు రాదు."

నాలుగింటికి ప్రింటు తీసుకుని బయల్దేరితే ఆరు. కాసేపటికి సాంబయ్యే వంగి ఆ ముక్కలు ఏరాడు. చెయ్యి ముక్కను ఫ్రేము పక్కన పెట్టి, కొంచెం అటూ ఇటూ జరిపి చూశాడు. "పోగు తెగితే బట్టను పారేస్తమా, అతుకుతం. జర కూసోండ్రి" అన్నాడు.

సన్నటి కత్తితో చెయ్యి చుట్టూ ఉన్న తెల్ల కాగితమంతా తీసేశాడు. వేళ్ల చుట్టూ, గాజుల చుట్టూ, రాకెట్ చుట్టూ తీశాడు. పాత మగ్గం సామాను డబ్బాలోంచి రెండు ఇనుప పుల్లలు తీసి, ఫ్రేము వెనక నుంచి చెయ్యి వెనక్కి కలిపి, మధ్యలో బోర్డు ముక్కలు పెట్టి జిగురుతో బిగించాడు. అతుకు సరిగ్గా గాజు గీత మీదికి వచ్చేట్టు కుదిర్చాడు. బూటుకూ అంతే. అయ్యేసరికి చెయ్యి ఫ్రేముతో సమంగా లేదు, వేలెడు ముందుకు వచ్చి గాల్లో నిలబడి ఉంది. గుమ్మంలోంచి వచ్చే వెలుతురుకు దాని నీడ ఫ్రేము మీద పడుతోంది.

"నేను కంప్యూటర్ల వేసింది ఉత్త నీడ నాయినా, గిది అసలు నీడ" అంది అలేఖ్య. సాంబయ్య కళ్లజోడు తుడుచుకునే మిషతో తల దించుకున్నాడు.

వేములవాడలో బస్సు మారి, కోరుట్ల దాకా రావు దాన్ని ఒళ్లో పెట్టుకుని, ముందుకు వచ్చిన ఆ చేతికి తన చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు చుట్టినా రాకెట్ బయటికే ఉంది. కండక్టరమ్మ వచ్చి, "సార్, గీ చేతికి గూడ టికెట్ తియ్యాల్నా?" అంది. బస్సంతా నవ్వింది. రావు కూడా నవ్వాడు గానీ, చెయ్యి తీయలేదు.

ఇంటికి చేరేసరికి నాలుగున్నర. ఇందిర పెరట్లో బట్టలు తీస్తోంది. హాల్లో తనకు శాలువా కప్పుతున్న ఫోటోను దించేసి, ఆ మేకుకు ఇందిరను తగిలించాడు. తర్వాత ఏం చేయాలో తోచక పక్కన నిలబడ్డాడు.

ఆమె బట్టల మూటతో లోపలికి వచ్చి ఆగిపోయింది. మూట సోఫా మీద పెట్టింది. దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. వేలితో ఆ చెయ్యి తడిమింది. గాజు గీత దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ అతుకున్నది" అంది.

పదిహేడు రోజుల తర్వాత ఆమె గొంతు. రావు ఒక అడుగు దగ్గరికి జరిగాడు. "కోసిన్రు. నేనే కొయ్యమన్న. ఎర్క లేక, తొందరల" అన్నాడు.

"మీకిది మొదటిసారి కాదు గదా."

ఆయన జోకు వెతకలేదు. "కాదు" అన్నాడు.

"అతికిందెవరు?"

"సాంబయ్య అని, సిరిసిల్లల మగ్గం నడిపిన ఆయన."

"మరి మీరేం చేసిన్రు?"

"ఎవలకు తగలకుండ పట్టుకోని వచ్చిన."

ఇందిర మళ్లీ ఫోటో వైపు తిరిగింది. ఈసారి కళ్లు చిన్నవి చేసి వెనక వరస చూసింది. "వెనుక మబ్బుగ ఫోను చూసుకుంట కూసున్నదెవరు?"

"నేనే."

"తీసెయ్యకపోయిన్రా?"

"గా పిల్ల తీసేస్త అన్నది. నేనే ఉండనియ్యి అన్న. నువ్వు గట్ల ఎగురుతవని నాకు ఇయ్యాల్నే తెలిసింది ఇందిరా. అక్కడ కూసోని గూడ చూడలేదు. తప్పయింది." ముప్పై ఏడేళ్ల కాపురంలో ఆ చివరి మాట ఆయన నోట రావడం అదే మొదలు.

ఆమె బీరువా వంక చూసింది. "గా సంచి తియ్యుండ్రి. నాకు అందది."

"గంత ఎగిరేదానికి అందదా?" అనేసి నాలుక కరుచుకున్నాడు.

"అందుతది. కని మీరే తియ్యాలె."

రావు స్టూలు వేసుకుని ఎక్కి, దుమ్ము దులిపి, రెండు చేతులతో సంచీ కిందికి దించాడు. అప్పుడే ఆయన ఫోను మోగింది. అయిదుకు అయిదు నిమిషాలుంది. ఆయన కంటే ముందు ఇందిరే ఫోను అందుకుంది.

"బాలకిషన్ గారు, నా పేరు రాయుండ్రి. ఆఁ, ఈయన గూడ వస్తడు కరీంనగర్‌కు. ముందు వరసల కుర్చీ వేయించుండ్రి" అంది. అటు నుంచి ఏదో అడిగినట్టున్నాడు. "మైకా? ఇయ్యుండ్రి, ఏం కాదు. ఆట చూసినంక ఇయ్యుండ్రి."

ఫోను పెట్టేసి, దాన్ని రాకెట్ సంచీలో వేసి జిప్పు లాగింది. రావు చెయ్యి చాపాడు గానీ, అడగలేదు.